పెన్నీ తీసుకోని కిటికీ

నలభై ఒక్క ఏళ్ళు నేను క్రాస్‌డెన్‌లో ఉత్తరాలు పంచాను. ఆ ఉద్యోగమూ, ఇప్పుడు తింటున్న పెన్షనూ ఒక వెదురు గెడ చలవే. ఆ గెడ పక్కింటి థర్జా అత్తది. అంతకుముందు వాళ్ళమ్మది.

అత్త అంటే చుట్టరికం కాదు. మా చాపెల్ వీధిలో పక్కింటి ఆడవాళ్ళందరూ పిల్లలకు అత్తలే. థర్జా అత్తకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. పద్నాలుగో ఏట మగ్గం దగ్గర నిలబడి, మిల్లు మూతపడేదాకా నాలుగు మగ్గాలు ఒంటరిగా నడిపింది. ఆ తర్వాత బడి వంటింట్లో చేరి వీధి పిల్లలందరికీ పిండిలో బంగాళాదుంప కూరి కాల్చిన పై అనే వంటకం వడ్డించింది. ఊరంతా ఆవిడ చేతి తిండి తిన్నదే, ఊరంతా ఆవిడ చేత తిట్లు తిన్నదే.

ఇక గెడ సంగతి. అలారం గడియారాలు అందరికీ లేని రోజుల్లో మా మిల్లు ఊళ్ళలో తట్టి లేపేవాళ్ళు ఉండేవారు. చివర తీగల కుచ్చు కట్టిన పొడుగాటి గెడతో తెల్లారకముందే వీధులు తిరిగి, మేడమీద కిటికీ అద్దాలు తట్టేవాళ్ళు. లోపలి నుంచి మనిషి తిరిగి అద్దం తడితే గానీ అక్కణ్ణించి కదలకూడదు. అదీ ఆ పనిలో నీతి. వారానికి ఇంటికి రెండు పెన్నీలు. థర్జా అత్త వాళ్ళమ్మ కేజియా ముప్ఫై ఏళ్ళు చాపెల్ వీధిని అలా లేపి, లేపిన జనంతో పాటే తనూ మిల్లుకు పరిగెత్తేది.

నేను పోస్టాఫీసులో చేరింది పంతొమ్మిదో ఏట. అప్పటికి అలారం గడియారాలు వచ్చాయి, నాకూ ఒకటుంది. అది మోగడం, నేను దాని నెత్తిన ఒకటి వేసి మళ్ళీ ముసుగు తన్నడం. రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళాను, రెండుసార్లూ హెచ్చరిక కాగితం ఇచ్చారు. మూడోది ఇస్తే ఇంటికే. ఆ సాయంత్రం మా నాన్న నన్ను తిట్టిన తిట్లు గోడ దాటాయి. మర్నాడు నాలుగింటికి నా కిటికీ అద్దం మీద గరగరమని చప్పుడు. కర్టెన్ తీసి చూద్దును గదా, కింద థర్జా అత్త, తలకు స్కార్ఫూ, చేతిలో వాళ్ళమ్మ గెడా.

"లేచావా నెవిలూ?"

"లేచానత్తా."

"నోటితో కాదురా. అద్దం తట్టు."

తట్టాను. ఏడాదిన్నర పాటు, ఆదివారాలు తప్ప, రోజూ తట్టాను. గడియారం నోరు నొక్కొచ్చు గానీ థర్జా అత్త నోరు ఎవడు నొక్కగలడు? అలా నాకు నిద్ర లేవడం వచ్చింది. తిరిగి ఏమిస్తానన్నా ఆవిడ ఒప్పుకోలేదు. "పెన్నీ తీసుకోని కిటికీ మా అమ్మకూ ఒకటుండేది, నాకు నువ్వు" అంది. అది వేళాకోళమనుకున్నాను.

అందుకే, ఆవిడకు నూరో ఏడు పూర్తి కాబోతోందనగా, రాజుగారి శుభాకాంక్షల కార్డు తెప్పించే పని నేనే నెత్తికెత్తుకున్నాను. మా దేశంలో నూరు నిండినవాళ్ళకు రాజుగారి దగ్గర్నుంచి కార్డు వస్తుంది. దానంతటదే రాదు, ఎవరో ఒకరు అడగాలి. నా చేతుల మీదుగా ఈ ఊరికి అలాంటివి ఏడు వచ్చాయి. ఎనిమిదోది థర్జా అత్తది కాకపోతే నా నలభై ఒక్క ఏళ్ళూ దండగ.

జనవరి చివర ఒక మధ్యాహ్నం దరఖాస్తు పట్టుకుని వెళ్ళాను. అత్త పొయ్యి పక్కన కుర్చీలో, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. అప్పటికే సన్నబడింది. మాట మాత్రం సన్నబడలేదు.

"అత్తా, నీ బర్త్ సర్టిఫికెట్ ఒక్కసారి ఇవ్వు. నకలు తీసి ఇచ్చేస్తా."

"ఎందుకూ?"

"రాజుగారికి పంపాలి. కార్డు పంపిస్తాడు."

"నాకొద్దు."

"అందరూ కావాలని ఏడుస్తుంటే నీకొద్దేంటి?"

"వద్దంటే వద్దు. కార్డు కావాలా అని పెన్షనాఫీసు వాళ్ళు రాసిన ఉత్తరం కూడా అదిగో, ఆ పొయ్యిలోనే పెట్టా. టీ తాగి పో."

నాకు కోపం తొందరగా వస్తుంది, ఆ విషయం వీధిలో కుక్కలకు కూడా తెలుసు. "నీ కోసం కాకపోతే మాకోసం తీసుకోవచ్చుగా! మార్చి మూడున చాపెల్ హాల్లో యాభై మందికి భోజనం పెడుతున్నాం, కార్డు లేకుండా ఏం మొహం పెట్టుకుని పెట్టమంటావ్?" అని అరిచాను. ఆవిడ నా వైపు చూడనైనా చూడకుండా టీలో బిస్కెట్ ముంచుకుంది. చేసేది లేక వచ్చేశాను.

మార్చి మూడు అన్నానుగా, ఆ తేదీ చాపెల్ వీధిలో తెలియనివాళ్ళు లేరు. అత్త పుట్టింది 1923 మార్చి మూడున, తెల్లవారుజామున. కేజియా అప్పటిదాకా గెడ పట్టుకుని తిరుగుతూనే ఉంది. ఆ పొద్దున నొప్పులొచ్చి పడిపోయింది. ఇంకేముంది, ఒక్క కిటికీ మోగలేదు. వీధి వీధంతా గుర్రు పెట్టి నిద్రపోయింది. సగం మంది మిల్లుకు వెళ్ళేసరికి గేటు మూసేశారు, సగం రోజు కూలి పోయింది. ఒకాయనైతే ఒంటి బూటుతో స్టేషనుకు పరిగెత్తి, కళ్ళ ముందే రైలు వెళ్ళిపోతుంటే ప్లాట్‌ఫాం మీద నిలబడిపోయాడట. దాన్ని మావాళ్ళు "ఎవరూ లేవని పొద్దు" అంటారు. నా చిన్నప్పుడు కూడా ప్రతి మార్చి మూడుకీ ముసలివాళ్ళు ఆవిణ్ణి ఆపి, "మా నాన్న సగం రోజు కూలి ఎప్పుడిస్తావే?" అని ఏడిపించేవాళ్ళు. "మీ నాన్న నిద్రమొహం అయితే నాదా తప్పు?" అనేది ఆవిడ.

పది రోజులు ఆగి, ఈసారి కాగితం జేబులో దాచుకుని, ఎర్ర క్యాబేజీ ఊరగాయ సీసా చేత్తో పట్టుకుని వెళ్ళాను. అత్త సీసా వైపు చూసి నవ్వింది.

"లంచం తెచ్చావా?"

"తెచ్చా. నిజం చెప్పత్తా, ఎందుకొద్దంటున్నావ్?"

సీసా అందుకుని పక్కన పెట్టింది. తర్వాత, "తలుపు వెయ్యి" అంది. వేశాను.

"నా బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్నది మార్చి మూడు కాదురా. పదిహేడు."

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. బిడ్డ పుట్టాక నలభై రెండు రోజుల్లోపు రిజిస్ట్రారు ఆఫీసులో రాయించాలి, దాటితే జరిమానా, నలుగురిలో చివాట్లు. కేజియాకు పురిటి జ్వరం వచ్చి అయిదు వారాలు మంచం దిగలేదు. తండ్రి యుద్ధంలో విషవాయువు పీల్చిన మనిషి, శానటోరియంలో ఉన్నాడు. లేచీ లేవగానే మళ్ళీ గెడ, మళ్ళీ మగ్గం. ఆఫీసేమో పక్క ఊళ్ళో ఉంది, వెళ్ళడానికి పూట దొరకలేదు. చివరికి ఒక శనివారం మిల్లు మధ్యాహ్నానికి వదలగానే చంటిపిల్లను శాలువాలో చుట్టుకుని, ఆఫీసు మూసే వేళకు వెళ్ళింది. అప్పటికి యాభై ఆరు రోజులు. అందుకని పదిహేడని రాయించింది.

"ఊరందర్నీ వేళకు లేపిన మనిషిరా మా అమ్మ. ముప్ఫై ఏళ్ళలో ఒక్కణ్ణీ ఆలస్యం కానివ్వలేదు, ఆ ఒక్క పొద్దున తప్ప. కన్నబిడ్డ దగ్గరకొచ్చేసరికి ఆలస్యమైపోయింది."

"అయితే ఏమైందత్తా? పద్నాలుగు రోజులు. ఎవరు లెక్కపెడతారు?"

"ఈ వీధి లెక్కపెట్టదా? రాజుగారి కార్డు పదిహేడున వస్తే, 'అదేంటి, మూడు కదా' అనరా? పద్నాలుగో ఏట నన్ను మిల్లులో చేర్చేటప్పుడు అమ్మ ఆ కాగితం చూపించి ఒట్టు వేయించుకుంది. ఆఫీసుల్లో చూపించినా ఫర్వాలేదే, వాళ్ళకు నిజం తేదీ తెలీదు. ఈ వీధిలో వాళ్ళకు మాత్రం చావనైనా చావు గానీ చూపించకు, బయటపడితే ఒక ఇల్లు కూలిపోద్ది అంది. మా అమ్మ అబద్ధం ఆడిందని నేను పోయేముందు ఊరికి చాటాలా? నావల్ల కాదు."

అరవై అయిదేళ్ళవాణ్ణి, నాకు కళ్ళు చెమర్చాయి. కార్డు గిర్డు పోనీ, ఈవిణ్ణి బాధపెట్టకూడదనుకున్నాను. "వదిలెయ్యత్తా. అడగను" అన్నాను. ఆ మాటే ఆవిణ్ణి కదిలించినట్టుంది. అడిగినన్నాళ్ళూ మొండికేసిన మనిషి, అడగనని చెప్పగానే లేచి, గోడ పట్టుకుని అల్మరా దగ్గరకు వెళ్ళి, బైబిల్లోంచి మడతలు పడ్డ కాగితం తీసింది.

"అడగనన్నావు కాబట్టి చూపిస్తున్నా. నువ్వొక్కడివి చూడు. నాకు ఆ అక్షరాలు ఆనవు, మళ్ళీ చదివే ధైర్యమూ లేదు. పైనుంచి కిందిదాకా చదివి వినిపించు, ఒక్కసారి."

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పోస్టు మనిషిని, వంకర రాత చదవడం నా వృత్తి. పుట్టిన తేదీ, మార్చి పదిహేడు. పేరు, థర్జా. తండ్రి పేరు. తల్లి పేరు కేజియా బిర్చల్. వివరం ఇచ్చినవారు తల్లి, సంతకం చేయడం రాదు కాబట్టి పేరు బదులు గీత గీసి ఉంది. రాసిన తేదీ, ఏప్రిల్ ఇరవై ఎనిమిది. పదిహేడు నుంచి లెక్కపెడితే సరిగ్గా నలభై రెండో రోజు, ఒక్కరోజు అటూ ఇటూ కాదు.

"మీ అమ్మ లెక్కల్లో గట్టిదే అత్తా, ఆఖరి రోజు చూసి మరీ పెట్టింది."

"లెక్కలా? ఆవిడకు పది దాటితే రాదురా. ఇంటికి రెండు పెన్నీలు కూడటానికి కూడా నన్నే పిలిచేది."

"అయితే ఎవరు లెక్కేశారు?" అంటూ చివరి గడికి వచ్చాను. "రిజిస్ట్రారు సంతకం, జేబెజ్ ఆర్మెరాడ్."

"ఆర్మెరాడ్, అయిదున్నర, మూడుసార్లు, పెన్నీ లేదు" అంది అత్త.

అన్న తర్వాత ఆవిడే ఉలిక్కిపడింది. అది చిన్నప్పటి పాట. కేజియాకు రాయడం రాదు కదా, ఏ ఇంటి కిటికీ ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు తట్టాలో, ఎవరు ఎంతివ్వాలో అన్నీ పాట కట్టి పాడుకునేది. థర్జా ఆ పాటకే నిద్రపోయేది. హోల్డన్, అయిదుంపావు, రెండుసార్లు, రెండు పెన్నీలు. క్రౌషా, అయిదుంపావు దాటాక, నాలుగుసార్లు, రెండు పెన్నీలు. ఆర్మెరాడ్, అయిదున్నర, మూడుసార్లు, పెన్నీ లేదు.

"చాపెల్ వీధి చివరింటి ఆర్మెరాడ్..." అని మెల్లగా అంది. "పక్క ఊళ్ళో ఆఫీసు, రోజూ రైల్లో పోయేవాడు. ఏదో కలం గీకే పని అనుకున్నా. మాకు మిల్లు తప్ప లోకం తెలీదుగా. పెద్ద ఇల్లు, తెల్ల కాలరు, మా అమ్మకు రెండు పెన్నీలు ఇవ్వడానికి చేతులు రావని ఎంత తిట్టుకున్నానో! ఒకసారి మంచు ముద్ద చేసి ఆయన టోపీ మీద కొట్టా, నెవిలూ. అమ్మ నన్ను చావబాదింది. జీవితంలో ఆ ఒక్కసారే కొట్టింది."

నేను కాగితం ఒళ్ళో పరుచుకున్నాను. ఆవిణ్ణి మాట్లాడనిస్తేనే మంచిదనిపించింది.

"ఎవరూ లేవని పొద్దున ఒంటి బూటుతో ప్లాట్‌ఫాం మీద నిలబడిపోయిందెవరు? ఆయనే. మరి నేను ఏ రోజు పుట్టానో ఆయనకు తెలీదా? ఈ ఊళ్ళో అందరికన్నా బాగా తెలుసు!"

తెలుసు. తెలిసీ, శాలువాలో పిల్లతో వచ్చి వణుకుతూ నిలబడ్డ మనిషిని చూసి, వేళ్ళ మీద నలభై రెండు వెనక్కి లెక్కేసి, పదిహేడని రాశాడు. మూడో తేదీ అని కేజియా నోటితో చెప్పిందో, చెప్పబోతుంటే ఆయనే ఆపాడో, ఆ గదిలో ఏమన్నారో మాకు తెలియదు. కేజియా ఆయనకేమిచ్చిందో మాత్రం తెలుసు. ఆయన ఉద్యోగం మానేదాకా రోజూ పొద్దున అయిదున్నరకు, మూడుసార్లు, పెన్నీ తీసుకోకుండా.

"అమ్మ ఈ కాగితం చూపించినప్పుడు ఈ మూల మీద బొటనవేలు పెట్టింది" అంది అత్త, సంతకం ఉన్నచోట తన వేలు పెట్టి. "తేదీ చూపించి, ఇక్కడ వేలు తియ్యలేదు. ఒక ఇల్లు కూలిపోద్ది అంటే మా ఇల్లనుకున్నా. ఆ యేడు ఆయనింకా ఉద్యోగంలోనే ఉన్నాడు. అమ్మ భయపడింది తన కోసం కాదురా. ఆయన కోసం."

ఎనభై ఆరేళ్ళు ఆవిడ వాళ్ళమ్మ తప్పు దాస్తున్నాననుకుంది. దాచింది ఒక మనిషి మంచితనం. అత్త ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. తర్వాత ముక్కు చీదుకుని, "ఆయనకు పిల్లల్లేరు, భార్య ఎప్పుడో పోయింది. ఇంకా కూలడానికి ఇల్లెక్కడుందిరా? ఇప్పుడు చెప్పకపోతేనే పాపం. ఏదీ, ఆ కాగితం జేబులోంచి తియ్యి" అంది.

"ఏ కాగితం?"

"నాకు కళ్ళే ఆనవు, నీ జేబు ఉబ్బెత్తుగా ఉంటే తెలీదనుకున్నావా?"

దరఖాస్తు మర్నాడే పంపించాను.

మార్చి మూడున చాపెల్ హాల్లో యాభై అనుకుంటే తొంభై మంది వచ్చారు. బంగాళాదుంప పై చాల్లేదు, ఊరగాయ చాల్లేదు, టీ మాత్రం చాలింది. అత్త కుర్చీలో కూర్చునే చెప్పింది, పుట్టిన తేదీ సంగతీ, వాళ్ళమ్మ సంగతీ, ఆర్మెరాడ్ సంగతీ. "అబద్ధపు కాగితం మీద మిల్లులో చేరా, అబద్ధపు కాగితం మీదే పెన్షన్ తింటున్నా, పట్టుకోండి నన్ను" అంటే హాలంతా నవ్వింది. మంచు ముద్ద సంగతి దగ్గర మాత్రం నవ్వలేదు. వెనక బల్ల దగ్గర హోల్డన్‌గారి మనవడు లేచి నిలబడి, "మా తాతకు రావలసిన సగం రోజు కూలి మాఫీ!" అన్నాడు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాతి వారం అత్తకు జలుబు చేసి ఛాతీకి దిగింది. డాక్టరమ్మ వచ్చి మందులిచ్చి, నన్ను వాకిట్లోకి పిలిచి, నూరేళ్ళ ఒళ్ళు కదా, చూద్దాం అంది. ఆ "చూద్దాం" నాకు నచ్చలేదు. మంచం మేడమీద, కిటికీ పక్కనే. రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే ఉండేది. మెలకువ వచ్చినప్పుడల్లా, "పదిహేడు వచ్చిందా?" అని అడిగేది. రాజుగారి కార్డు కోసం కాదు అది. వాళ్ళమ్మా, ఆర్మెరాడూ కలిసి ఇచ్చిన పుట్టినరోజు ఒక్కసారైనా చేసుకోవాలని. నూరేళ్ళలో ఆ తేదీని ఆవిడ తల వంచుకునే దాటేసింది.

పదిహేడు శుక్రవారం. ఇప్పుడు మా వీధికి ఉత్తరాలు తెచ్చేది షాజియా, నా తర్వాత వచ్చిన పిల్ల. పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర కనిపించి, దూరం నుంచే కవరు ఊపింది. మామూలు కవరు కాదు, కిరీటం గుర్తుంది.

"అంకుల్, సంతకం పెట్టాలి. అత్తమ్మ లేచారా?"

"రాత్రి తోడున్న నర్సు ఇప్పుడే వెళ్ళింది, ఇంకా పడుకునే ఉందిట."

"మరి బెల్లు కొట్టనా?"

"ఆగు" అన్నాను. అత్త ఇంట్లోకి వెళ్ళి మెట్ల కింద నుంచి గెడ తెచ్చాను. తీగల కుచ్చు తుప్పు పట్టింది. వాకిట్లో నిలబడి మేడమీద కిటికీ అద్దానికి ఆనించి మూడుసార్లు తట్టాను.

ఏమీ లేదు. కర్టెన్ కదల్లేదు. మళ్ళీ మూడుసార్లు తట్టాను. షాజియా కవరును రెండు చేతులతో గుండెకు పట్టుకుని పైకి చూస్తోంది. తిరిగి అద్దం మోగేదాకా కదలకూడదు, అదీ ఆ పనిలో నీతి. మోగకపోతే ఏం చెయ్యాలో మాత్రం కేజియా పాటలో లేదు. మూడోసారి తట్టాను.

టక్. టక్. టక్. లోపలి నుంచి.

కర్టెన్ పక్కకు జరిగి, తెల్లటి జుట్టు, కోపంగా ఉన్న మొహం కనిపించాయి. "మొదటిసారే విన్నానురా, మంచం దిగొద్దూ! ఒంటి బూటుతో రమ్మంటావా?"

కార్డు విప్పి నేనే చదివి వినిపించాను. మంచి మాటలే ఉన్నాయి. అత్త అన్నీ విని, పైన ఉన్న తేదీ మీద వేలు పెట్టి అక్కడే కాసేపు ఉంచింది. తర్వాత కోటు అడిగింది. డాక్టరమ్మ ఏమంటుందో అని నేను నసిగితే, "ఆవిడ చూద్దాం అందిగా, చూడనీ" అంది.

చక్రాల కుర్చీలో నేను తోస్తే, గెడ మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని వచ్చింది. షాజియా బ్యాగు భుజాన వేసుకునే మా వెంట నడిచింది. చాపెల్ వెనక సమాధుల్లో రెండో వరస, నాచు పట్టిన రాయి. జేబెజ్ ఆర్మెరాడ్, అంతే, పక్కన పువ్వులు పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. అత్త కార్డు తెరిచి రాయికి ఎదురుగా పట్టుకుంది, ఆయన చదువుకోవడానికి వీలుగా. గెడ ఎత్తడానికి నేను చెయ్యి సాయం పట్టాను. రాయి మీద మూడుసార్లు తట్టింది.

"ఆర్మెరాడ్ గారూ, నేనండీ, కేజియా కూతుర్ని" అంది. "మీరు రాసిన రోజు ఇదే. నూరేళ్ళూ పనికొచ్చిందండీ."